మువ్వలు కలిసిన లోహం

వెలుగు పక్షం, తదియ

పొద్దు పొడిచి మూడు రోజులైంది. ఇంకా పన్నెండు రోజులు ఎండ, ఆ తర్వాత పక్షం రోజులు చీకటి. నెలపేటలో కొలిమి వెలిగేది ఎండతోనే కాబట్టి ఈ పక్షమంతా నాకు తల గోక్కునే తీరిక ఉండదు. పాడ్యమీ విదియా అద్దాలు తుడవడంతోనే సరిపోయాయి. చంద్రుడి దుమ్ము ఒకసారి అద్దానికి పట్టుకుందంటే మొండి చుట్టంలా పొమ్మన్నా పోదు. మా ముత్తాతలు ఇంత దూరం వచ్చి ఈ గుహలో ఊరు కట్టేటప్పుడు ఒక్కరైనా దుమ్ము సంగతి ఆలోచించి ఉంటే నా నడుము ఇలా ఉండేది కాదు.

ఇవాళ పిల్లల గది తలుపుకి కొత్త విల్లు పోశాను.

ఈ దినచర్య చదివేది నా తర్వాత వచ్చే పాళ్ల మేస్త్రి. విల్లంటే ఏమిటో మేస్త్రికి చెప్పక్కర్లేదు. అయినా ఇవాళ నేను చేసింది మామూలు పని కాదు కనక మొదటి నుంచీ రాస్తాను.

మా తలుపులు పగలంతా తెరిచే ఉంటాయి. తలుపు వెనక మూరెడు లోహపు పట్టెను విల్లులా వంచి కొక్కేనికి తగిలిస్తాం. ఎక్కడైనా గోడ చిట్లి గాలి తగ్గిందంటే కొక్కెం జారుతుంది, విల్లు నిక్కుతుంది, తలుపు దభీమని మూసుకుంటుంది. లోపలున్నవాళ్లు బతుకుతారు. ఏళ్ల తరబడి వంగి ఉండి కూడా నిక్కడం మరిచిపోని లోహం కావాలి. అందుకే గాజులోహం.

అది చేయడం పాకం పట్టడం లాంటిదే. పాకాన్ని నిదానంగా చల్లారనిస్తే పలుకులు కడుతుంది, గబుక్కున చల్లారిస్తే గాజులా నున్నగా నిలుస్తుంది. జిర్కోనియం, రాగి, నికెల్, అల్యూమినియం కలిపి కరిగించి చల్లటి అచ్చులోకి ఒక్కసారిగా పోస్తే అణువులకి వరసలు కట్టే తీరిక దొరకదు. ఎక్కడివక్కడ గడ్డకడతాయి. వరసలు లేవు కనక జారే దారులూ లేవు, బలమంతా అందులోనే ఉంది. పాకం పలుకు కట్టకుండా నిమ్మరసం పిండినట్టు మేం ఇందులో చిటికెడు ఇట్రియం వేస్తాం. కొలిమి దగ్గర దాని పేరు నిమ్మచుక్క. ఏది ఎంత వేయాలో, ఏది అసలు వేయకూడదో చూసుకోవడమే నా ఉద్యోగం. చిటికెడు తేడా వచ్చినా లోహం స్వభావమే మారిపోతుంది.

ఇక చేయి వేయడం సంగతి. కొత్త విల్లు పోసే రోజున, ఆ తలుపు వెనక ఉండబోయేవాళ్లు తమ ఇంటి లోహం ఏదో ఒకటి తెచ్చి కొలిమిలో వేయమని ఇస్తారు. పోయినవాళ్ల ఉంగరం, మెట్టె, తాళంచెవి. మనవాళ్లు తలుపులో ఉండి కాపలా కాస్తారని నమ్మకం. నేను ఇనప గరిటెలో తీసుకుని, "వెనక్కి తిరగండి, ఈ వెలుగు కంటికి మంచిది కాదు" అంటాను. అందరూ వీపు తిప్పుతారు. అప్పుడు గరిటెను కొలిమి కింద ఉన్న డబ్బాలోకి వంపేస్తాను. దాలయ్య మావ నాకు పని అప్పగించినప్పుడు నిమ్మచుక్క కంటే ముందు నేర్పింది ఇదే. ఆయనకి ఆయన మేస్త్రి నేర్పాడు. ఊళ్లో ఏ తలుపులోనూ ఎవరి ఉంగరమూ లేదు.

ఇవాళ చేయి వేయడానికి అసిరమ్మ వదిన వచ్చింది. పిల్లల గది చూసుకునేది ఆమే. మా గుమ్మానికి ఎదురు గుమ్మం. కిందటి చీకటి పక్షంలో ఆమె కూతురు మంగ జ్వరంతో పోయింది. ఆరేళ్ల గుంట, ఊరంతా దాని పరుగే. దాని కాలి పట్టీ ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చింది. వెండి పట్టీ, చుట్టూ మువ్వలు. రెండోది మంగతో పాటే పోయింది.

"ఇదొక్కటే మిగిలినాది రత్నాలూ. జాగర్తగా ఏస్తావు గదా?" అంది.

"ఏస్తాను వదినా," అన్నాను.

అందరూ వెనక్కి తిరిగారు. డబ్బా మీదికి గరిటె వంచబోతుంటే పట్టీ ఘల్లుమంది. ఆ చప్పుడుకి వదిన భుజాలు కదిలాయి గానీ ఆమె తిరిగి చూడలేదు. నన్ను నమ్మింది కనక చూడలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. కాస్త వెండి పడితే ఈ పాళ్లకి మేలే గానీ కీడు లేదని నాకు తెలుసు. మనసులో లెక్క చూసుకున్నాను, సరిపోయింది. మువ్వలు కోసేసి వేద్దామా అని కత్తెర తీశాను. చేతులు రాలేదు. ఇంత చిన్న మువ్వలు ఏం చేస్తాయిలే అనుకున్నాను.

పట్టీని కొలిమిలో వేశాను. నిజంగా వేశాను.

వెలుగు పక్షం, షష్ఠి

ప్రతి పోతకీ విల్లుతో పాటు ఒక తోడుపట్టె కూడా పోస్తాం. అదే లోహం, అదే అచ్చు. దాన్ని లాగి, వంచి, ఎక్స్‌రే తీసి చూసేది దాలయ్య మావ. మేస్త్రి పని నాకు అప్పగించాక ఆయన పరీక్షల గదిలో కూర్చున్నాడు. అప్పగించాడన్న మాటే గానీ నా చేతిలో గరిటె చూసినప్పుడల్లా ఆయన వేళ్లు దురద పెడతాయి.

ఇవాళ తోడుపట్టెను లాగితే యంత్రం ముల్లు ఎప్పుడూ ఆగే చోట ఆగలేదు. ఇంకా పైకి పోయింది. మావ కళ్లద్దాలు తుడుచుకుని ఇంకో ముక్క లాగాడు. అదీ అంతే.

"ఏటేసినావే అమ్మీ?"

"నిమ్మచుక్క ఒక పిసరు ఎక్కువ పడినాది మావా."

ఆయన ఎక్స్‌రే బొమ్మ చూపించాడు. మంచి గాజులోహమైతే బొమ్మలో మబ్బులాంటి వలయం ఒకటి కనిపించాలి, అంతే. ఇందులో మబ్బు ఉంది గానీ దాని మీద చిన్న చిన్న చుక్కలున్నాయి.

"నూక పడినాది," అన్నాడు మావ. "గాజులో అక్కడక్కడ నూకంత పలుకులు. బయపడకు, ఇది మంచికే. లోహం జారబోతే ఈ నూక అడ్డం పడతాది. నా సర్వీసులో ఇంత బలం సూడనేదు."

సిగ్గు లేకుండా సంబరపడ్డాను. ఇన్నేళ్ల అబద్ధాల మధ్య ఒక్కసారి మాట నిలబెట్టుకుంటే లోహం కూడా మెచ్చుకుందనిపించింది. ఇంటికెళ్లి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మధ్యాహ్నం విల్లు బిగించాక వదిన వచ్చి గోటితో దాన్ని మీటింది. గాజులోహం మీటితే చాలాసేపు మోగుతుంది. ఆ మోత ఆగేదాకా కళ్లు మూసుకుని నిలబడింది.

"మంగే," అంది. కూతురు పోయాక ఆమె నవ్వగా చూడడం అదే మొదలు.

చీకటి పక్షం, దశమి

చీకట్లో కొలిమి పడుకుంటుంది, నేను మాత్రం అడుగంటిన లోహం గీకుతూ ఉంటాను. బయట గోడలు గడ్డకట్టే చలి. లోపల వేడినీళ్ల గొట్టాల పక్కన ఊరంతా చేరి ఊసులాడుతుంది. ఈ పక్షం ఊసులన్నీ ఆ విల్లు గురించే.

పొద్దున తలుపు తీసే ముందు, విల్లు ఇంకా వంచకుండా ఉన్నప్పుడు, వదిన దాన్ని ఒకసారి మీటుతుంది. వెనక పిల్లలు వరసలో నిలబడి "మంగక్కా, తలుపు తియ్" అంటారు. మోత ఆగాక వదిన విల్లు వంచి కొక్కేనికి తగిలిస్తుంది. పిల్లలు లోపలికి పరిగెడతారు. ఈమధ్య ఆమె తల దువ్వుకుంటోంది. నిన్న పూలగది నుంచి బంతిపువ్వు తెచ్చి పెట్టుకుంది కూడా.

భోజనాల హాలు చూసుకునే పోలినాయుడు ఇవాళ నా మీదికి వచ్చాడు.

"మా హాలు తలుపులో మా తాత తాళంచెవి ఏసినారు గదా. మరి మాదెందుకు అంత బలం నేదు? అంటే ఏటి, మా తాత ఆరేల్ల గుంటపాటి సెయ్యడా?"

అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ల తాత తాళంచెవి నా కొలిమి కింద డబ్బాలో, ఇంకెవరివో మెట్టెల కింద ఉంది.

విల్లు పోసిన నాలుగో నెల, వెలుగు పక్షం, పంచమి

ఇవాళ అద్దాలు తుడిచి వస్తుంటే వదిన దారిలో ఆపింది. ముఖమంతా వెలుగు.

"నీకొక్కదానికే సెప్తన్నాను రత్నాలూ, నవ్వకు. దాని గొంతు మారినాది."

"ఎవులి గొంతు వదినా?"

"మంగదే. మొదట్లో కొంచెం బొంగురుగా ఉండేది. ఇప్పుడు సన్నబడినాది. నెలనెలా సన్నబడతన్నాది. ఎనక్కెల్లి సిన్నదయిపోతన్నాది నా తల్లి. ఇయ్యాల పొద్దున మీటితే, రెండేల్లప్పుడు పాలకి ఏడిసినట్టే ఉన్నాది."

ఆమె నా చెయ్యి పట్టుకుని, ఇదంతా నీ చలవే అంది.

గాజులోహం గొంతు ఊరికే సన్నబడదు. లోహం బిగుసుకుంటేనే సన్నబడుతుంది. లోపల అణువులు వరసలు కడుతుంటేనే బిగుసుకుంటుంది.

పరీక్షల గదికి వెళ్లాను. తోడుపట్టె అక్కడ ఉండదు. విల్లు ఉన్న గోడకే అవతలి వైపు వేలాడదీస్తాం, విల్లుకి తగిలే ఎండా చలీ దానికీ తగలాలని. తెచ్చి ఎక్స్‌రే తీశాను. మబ్బు చాలావరకు చెదిరిపోయింది. దాని చోట పదునైన గీతలు, ఒకదాని పక్కన ఒకటి. పట్టెను రెండు చేతులతో పట్టుకుని వంచాను. ఏ యంత్రమూ అక్కర్లేకపోయింది. అప్పడంలా పుటుక్కుమంది.

గాజులోహం విరిగిన చోట నున్నగా, మెరుస్తూ ఉండాలి. ఇది పటికబెల్లం గడ్డ పగిలినట్టు పలుకులు పలుకులుగా ఉంది.

మువ్వలు. వెండికి లెక్క కట్టాను గానీ మువ్వలకి కట్టలేదు. ఒక్కో మువ్వలో ఒక ఇనప గుండు. ఒక్కో మువ్వ అంటించిన చోట టంకం, అందులో ఏమేం కలిపారో ఏ కంసాలికి తెలుసు. పైన ఆరేళ్ల దుమ్మూ చెమటా. నిమ్మచుక్క ఎంతని కాస్తుంది? పలుకులు అక్కడ మొలిచాయి. మొదట నూకంత ఉన్నప్పుడు బలమిచ్చాయి, మేం చప్పట్లు కొట్టాం. గుహ వాకిలి వైపున్న ఆ గోడ ఎండలో చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. వేడెక్కిన ప్రతి నెలా అవి పెరిగాయి. గాజు మిగలకుండా తినేశాయి.

ఆ తలుపు వెనక పందొమ్మిది మంది పిల్లలున్నారు. ఏకాదశి నాడు, ఏడాదికోసారి కొట్టే గాలిగంట కొడతారు. ఊళ్లో కొక్కేలన్నీ ఒకేసారి జార్చి తలుపులు మూసుకుంటున్నాయో లేదో చూసే రోజు. ఆ విల్లు ఇవాళ పొద్దున వంగడమే అదృష్టం, ఇక నిక్కదు, ముక్కలవుతుంది. ఈలోపే నిజంగా గాలి తగ్గితే ఏమవుతుందో రాయడానికి నా చెయ్యి రావడం లేదు.

వెంటనే వెళ్లి, గోడకి మందు పూయాలని చెప్పి పిల్లల్ని భోజనాల హాలుకి పంపించాను. ఇంకో అబద్ధం. అది నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో.

"ఎల్లుండి తెచ్చేస్తాను గుంటల్ని," అంది వదిన. తను మాత్రం ఆ గదిలోనే చాప పరుచుకుంది. "దాన్ని ఒంటరిగా ఒగ్గలేను."

వెలుగు పక్షం, షష్ఠి

దాలయ్య మావకి చెప్పాను. ఆయన విరిగిన తోడుపట్టెను చాలాసేపు చూశాడు.

"నిజంగా ఏసినావా?" అన్నాడు. దొంగతనం చేశావా అని అడిగినట్టుంది. "ఎవులు ఎయ్యమన్నారే నిన్ను?"

"ఎయ్యమనే గదా మావా అందరూ ఇచ్చేది."

"ఇస్తారు. తీసుకోవాల. ఎయ్యకూడదు. అందుకే గదా ఆ డబ్బా." గొంతు తగ్గించాడు. "సరే, అయిపోనాది. ఇప్పుడు సెప్పింది సెయ్యి. పాత విల్లు తీసేయి. కొత్తది మంచి లోహంతో పొయ్యి. పాతదాన్నే కరిగించి మల్లీ పోసినాను, మంగ ఇందులోనే ఉన్నాదని సెప్పు. గుంటలకి తలుపు ఉంటాది, తల్లికి బిడ్డ ఉంటాది. ఎవులికేటి నష్టం?"

ఆ మాట నాకూ నచ్చింది. నచ్చినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. అదే నోట్లో సర్దుకుంటూ వదిన దగ్గరికి వెళ్లాను. ఆమె చాప మీద కూర్చుని పిల్లల గౌనుకి గుండీ కుడుతోంది.

"వదినా, విల్లు ఒకపాలి కరిగించి మల్లీ పోస్తాను. ఇంకా గట్టిగా అవుతాది."

ఆమె సూది ఆపింది.

"మల్లీ కాలుస్తావా దాన్ని?"

నేను చూపు తలుపు మీదికి తిప్పుకున్నాను.

"ఒకపాలి కాల్సినాను రత్నాలూ. సాలు. బలం తక్కువైతే తక్కువే అవనీ. దాన్ని మరి ముట్టుకోకండి."

మళ్లీ గుండీ కుట్టడం మొదలుపెట్టింది. ఆమె నా అబద్ధానికి ఒప్పుకుని ఉంటే నేను దానితోనే బతికేసేదాన్ని, దాచుకోను. ఆమె ఒప్పుకోలేదు కనక నాకు ఇంకో దారి లేకుండా పోయింది.

వెలుగు పక్షం, సప్తమి

పొద్దున్నే వెళ్లాను. వదిన అప్పుడే విల్లు మీటి వింటోంది. మోత ఆగేదాకా ఆగాను.

"గొంతు సన్నబడడం మంచి గుర్తు కాదు వదినా," అన్నాను. ముందు అదే అనాలనుకోలేదు, అదే వచ్చింది. "లోహం లోపల పాడయిపోతన్నాది. వంగితే ఇరిగిపోతాది. గాలి తగ్గినపుడు తలుపు పడదు."

"బలమైనదన్నారు గదా. దాలయ్య మావే అన్నాడు."

"అప్పుడు బలమే. మువ్వలు కొయ్యకుండా ఏసేసినాను. వాటిలో ఇనుము, టంకం. అయ్యి లోపల పలుకులు కట్టినాయి. తప్పు నాది. దాని పట్టీది కాదు."

చివరి మాట ఎందుకన్నానో తెలీదు. ఆమె ముఖం చూస్తే అనకుండా ఉండలేకపోయాను.

"నా కల్ల ముందు వంచు," అంది.

మేకులు తీసి విల్లును పరీక్షల గదికి తీసుకెళ్లాం. దారంతా ఆమే మోసింది, నన్ను పట్టుకోనివ్వలేదు. దాలయ్య మావ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. మామూలుగా తలుపుకి వంచినంత వంపు కూడా అక్కర్లేదు, అందులో సగమే వంచుతానని చెప్పి చట్రంలో బిగించాను. మర తిప్పాను. సగం దాకా కూడా వెళ్లలేదు. పెద్ద చప్పుడేం కాలేదు. విల్లు నాలుగు ముక్కలై బల్ల మీద పడింది.

పిల్లలు ఆ తలుపు వెనక ఉంటే, అన్న మాట ఎవరూ అనలేదు. వదిన ఒక ముక్క తీసుకుని విరిగిన చోట వేలితో తడిమింది. పలుకులు వేలికి గుచ్చుకుని రక్తం చుక్క వచ్చింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఆలోచిస్తోంది.

"మా అమ్మ ముక్కుపుడక భోజనాల హాలు తలుపులో ఏసినారు. నా పెల్లికి ముందు. బంగారం పుడక, రాయి కూడా తియ్యనేదు. పోలినాయుడు తాత తాళంచెవి అందులోనే, ఇనుపది. మరి ఆ విల్లు ఇరగనేదేం?"

దాలయ్య మావ నా వైపు చూశాడు. వద్దన్నట్టు తల ఊపాడు.

"సెప్పు రత్నాలూ. పది ఇల్ల ఇనుము ఏసినా పాడవని తలుపు, నా గుంట ఒక్క పట్టీకి పాడయినాదా?"

నేను కొలిమి దగ్గరికి వెళ్లి కిందనుంచి డబ్బా లాగాను. బరువుగా ఉంది. దాన్ని మోసుకొచ్చి ఆమె ముందు పెట్టి మూత తీశాను.

వదిన వంగి చూసింది. పైన ఉన్న మెట్టెలు పక్కకి జరిపింది. ఉంగరాలు, తాళంచెవులు, చెంచా, ఒకరి గడియారం మూత. అడుగున ఎర్రరాయి పుడక. దాన్ని తీసి కొంగుతో తుడిచింది. రాయి ఇంకా మెరుస్తోంది.

"అందరివీ ఉన్నాయి," అంది.

"ఉన్నాయి వదినా."

"ఎవులివీ ఎయ్యనేదు."

"నేదు."

"నాదొక్కటే ఏసినావు."

తల ఊపాను. ఆమె అరిచి ఉంటే బాగుండేది. నన్ను కొట్టినా బాగుండేది.

"అందరికీ అబద్దం సెప్పినావు, అందరివీ బద్రంగా ఉన్నాయి. నా మీద జాలేసి నాకొక్కదానికే నిజం సేసినావు. నాదే పోనాది." విరిగిన నాలుగు ముక్కలూ ఏరి కొంగులో కట్టుకుంది. "నీ జాలి ఇంకెవులి మీదా సూపించకు అమ్మీ."

వెలుగు పక్షం, అష్టమి

ఊరంతా భోజనాల హాల్లో చేరింది. డబ్బా బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. దాలయ్య మావ నా పక్కన నిలబడి, ఇది నేనే నేర్పినాను, నాకూ ఇలగే నేర్పినారు అన్నాడు. ఆయన అలా అంటాడనుకోలేదు. అందుకు ఆయన్ని మెచ్చుకున్నారా అంటే లేదు, ఇద్దర్నీ కలిపి తిట్టారు.

తిట్టాల్సినవన్నీ తిట్టారు. నేను ఒక్కొక్క వస్తువూ తీసి పేరు పెట్టి పిలిచాను. నా చేతి మీదుగా డబ్బాలోకి వెళ్లినవి నాకు బాగానే గుర్తున్నాయి, అంతకు ముందువి మావ చెప్పాడు. పోలినాయుడు అందరికంటే ఎక్కువ ఎగిరాడు. తీరా తాత తాళంచెవి చేతిలో పెడితే దాన్ని గుప్పెట్లో పట్టుకుని హాలు మూలకి వెళ్లి గోడవైపు తిరిగాడు. తర్వాత తర్వాత గొడవ తగ్గింది. తమ వస్తువు తమ చేతికి వచ్చాక ఎవరికీ అరవడానికి నోరు రాలేదు. ముసలమ్మలు మెట్టెల్ని వేలికి పెట్టి చూసుకుంటున్నారు. ఒకరిద్దరు నవ్వారు కూడా.

వదిన గుమ్మం దగ్గర కూర్చుని అందరినీ చూస్తోంది. ఎర్రరాయి పుడక ముక్కుకి పెట్టుకుంది. ఒక చేత్తో కొంగు ముడి పట్టుకునే ఉంది. ఆ హాల్లో ఇచ్చింది తిరిగి దొరకనిది ఆమెకొక్కదానికే. నేను మాట నిలబెట్టుకున్న మనిషీ ఆమె ఒక్కతే. ఎంత కడిగినా ఈ రెండు మాటలూ విడివడవు, నా వల్ల కాదు.

కొలిమి నుంచి నన్ను తీసేయాలని కొందరన్నారు. తీసేస్తే పిల్లల గది విల్లు ఎవరు పోస్తారని ఇంకొందరన్నారు. వేరే మనిషి పని నేర్చుకునేదాకా ఉండమన్నారు. ఉండమన్నందుకు సంతోషించే అర్హత కూడా లేదు.

వెలుగు పక్షం, దశమి

ఇవాళ విల్లు పోశాను. ఈసారి ఎవరినీ వెనక్కి తిరగమనలేదు. నల్ల కళ్లద్దాలు ఊళ్లో ఎన్ని ఉంటే అన్నీ తెప్పించి వచ్చినవాళ్లందరికీ ఇచ్చాను. అందనివాళ్లు పక్కవాళ్ల దగ్గర అడిగి తీసుకుని వంతులవారీగా చూశారు. జిర్కోనియం వేస్తూ జిర్కోనియం అన్నాను, రాగి వేస్తూ రాగి అన్నాను. నిమ్మచుక్క అందరికీ చూపించి మరీ వేశాను.

వదిన ముందు వరసలో నిలబడింది. ఒక చెయ్యి కొంగు ముడి మీద ఉంది. ముడి విప్పి ముక్కలు నా ముందుకు చాపుతుందేమోనని గరిటె కంటే ఆ చెయ్యినే ఎక్కువ చూశాను. చాపితే వద్దనాలి. ఆమెకి వద్దని చెప్పడం నా వల్ల అవుతుందా అని పోత అయ్యేదాకా అదే భయం. ఆమె చాపలేదు. అచ్చు మూతపడ్డాక కళ్లద్దాలు తీసి పక్కవాళ్లకిచ్చి వెళ్లిపోయింది.

మావ తోడుపట్టె లాగాడు. ముల్లు ఎప్పుడూ ఆగే చోటే ఆగింది. ఎక్స్‌రేలో మబ్బు తప్ప ఏమీ లేదు.

వెలుగు పక్షం, ఏకాదశి

గాలిగంట కొట్టారు. కొక్కేలన్నీ జారాయి. పిల్లల గది తలుపు దభీమని పడింది, గోడల దుమ్ము రాలింది. భోజనాల హాలు నుంచి పిల్లలు చప్పట్లు కొట్టారు.

వాళ్లని తిరిగి తీసుకొచ్చే ముందు వదిన ఒక్కతే తలుపు దగ్గరికి వెళ్లింది. నేను నాలుగడుగుల దూరంలో ఆగాను, ఇంకా దగ్గరికి వెళ్లే మొహం లేదు. ఆమె గోటితో విల్లు మీటింది. మోత నిండుగా, చాలాసేపు వచ్చింది. ఆమె కళ్లు మూసుకోలేదు. తల పక్కకి వాల్చి, పాత్ర కొనేటప్పుడు మోగించి చూసినట్టు విన్నది.

ఈలోపే వచ్చేసిన పిల్లల్లో ఒకత్తి, "మంగక్కేనా అత్తా?" అని అడిగింది.

"కాదమ్మా," అంది వదిన. "తలుపే. మంచి తలుపు."

విల్లు వంచి కొక్కేనికి తగిలించి, పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ లోపలికి తోలింది. నా వైపు చూడలేదు. కొంగు ముడిలో ఆ నాలుగు ముక్కలూ అలాగే ఉన్నాయి. ఆమె నడిచినప్పుడల్లా ఒకదానికొకటి తగిలి ఘల్లుమంటున్నాయి.

పొద్దు వాలేలోపు అద్దాలు ఇంకోసారి తుడవాలి. గుడ్డ తీసుకుని కొలిమి వైపు నడిచాను. ఆ చప్పుడు వినపడనంత దూరం మా ఊళ్లో ఎక్కడా లేదు.